పాత పీసీఐ ఆడియో కార్డు పెట్టడానికి ఇప్పుడు స్లాట్ లేదు, 16 ఛానెళ్ళ రికార్డింగ్‌కి ఏం తీసుకోవాలి?

తప్పెటమోత:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీలో మేడమీద ఒక చిన్న రికార్డింగ్ గది ఉంది. ఇన్నాళ్ళూ ఒక పాత డెస్క్‌టాప్, అందులో ఎం-ఆడియో డెల్టా 1010 పీసీఐ కార్డు (మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే ఆడియో కార్డు), దాని ర్యాక్ డబ్బా, దానికి ముందు ఒక అనలాగ్ మిక్సర్, ఇదే నా సెటప్. డెల్టా 1010లో మైక్ ప్రీఆంప్‌లు (మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేవి) ఉండవు కదా, అందుకని మిక్సర్ వెనక ఇన్సర్ట్ జాకుల్లో ప్లగ్గు సగం వరకే, మొదటి క్లిక్ వినపడే దాకా తోసి అక్కణ్ణించి ఒక్కో ఛానెలూ డెల్టా లైన్ ఇన్‌పుట్‌కి లాగేవాణ్ణి. ఎనిమిది ట్రాకులు శుభ్రంగా విడివిడిగా వచ్చేవి. వీణ, మృదంగం, హార్మోనియం, భజన బృందాలు అన్నీ దాంట్లోనే చేశాను.

ఈమధ్య ఆ డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. విప్పి చూస్తే స్లాట్ల పిన్నుల దగ్గర పచ్చగా చిలుము పట్టేసి ఉంది, సముద్రపు గాలి కదా, బీచ్ నుంచి మా ఇల్లు పెద్ద దూరం కాదు. కార్డుకి మాత్రం ఏమీ కాలేదు. ద్వారకానగర్‌లో షాపులన్నీ తిరిగాను, కొత్త బోర్డుల్లో పాత పీసీఐ స్లాట్ అన్నమాటే లేదు, అన్నీ పీసీఐ ఎక్స్‌ప్రెస్సే. ఎలాగూ మారాలి కాబట్టి ఈసారి 16 ఛానెళ్ళకి వెళ్దామని ఉంది.

ఎందుకంటే విజయనగరం వైపు ఒక ఊళ్ళో తప్పెటగుళ్ళ (రొమ్ముకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఆడుతూ పాడే జానపద కళ) దళం ఉంది, వాళ్ళని రికార్డు చేయాలని ఎప్పట్నించో మనసులో ఉంది. పెద్దాయన ఒకరు పాట ఎత్తుకుంటారు, పదిహేను మంది దాకా అందుకుంటారు, గొంతుకి గొంతు తేడా వినపడుతుంది. సెల్ఫోన్లో తీసిన వీడియోల్లో రేకు మోత తప్ప ఏమీ వినపడదు, పాటలో మాటలు అసలు తెలియవు. ఆ పాటలు అంతా నోటికి వచ్చినవే, కాగితం మీద లేవు, ఆ పెద్దాయన ఉండగానే సరిగ్గా తీసి పెట్టాలి. వాళ్ళని స్టూడియోకి తీసుకొచ్చి ఇరికించే ఉద్దేశం లేదు, వాళ్ళ ఊళ్ళోనే, గుడి ముందు ఆరుబయట తీయాలి.

ఇప్పుడు నా అనుమానాలు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డే మళ్ళీ కొనాలా, యూఎస్‌బీ డబ్బా (ఆడియో ఇంటర్ఫేస్) సరిపోతుందా, యూఎస్‌బీ అయితే లేటెన్సీ, అంటే శబ్దం తిరిగొచ్చే ఆలస్యం, ఎక్కువ అంటారు నిజమేనా, ఎనిమిది ఛానెళ్ళ యూఎస్‌బీ డబ్బాలు రెండు కొని ఒకే ల్యాప్‌టాప్‌కి పెడితే 16 అవుతాయా, శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో అది) 96 కిలోహెర్ట్జ్‌లో తీయాలా 48 చాలా. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.


నాలుగోట్రాక్:

గురువుగారూ, మంచి పని తలపెట్టారు. ముందు ఒక విషయం, డబ్బా మీద రాసిన అంకెని చూసి కొనకండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 గానీ బెహ్రింగర్ యూఎంసీ1820 గానీ తీసుకుంటే 18 ఇన్‌పుట్లు అని ఉంటుంది, నిజానికి మైకు గుచ్చగలిగేవి ఎనిమిదే. మిగతా పదిలో ఎనిమిది ఆడాట్ అనే ఆప్టికల్ కన్నంలోంచి, రెండు ఎస్‌పీడీఐఎఫ్ అనే ఇంకో డిజిటల్ కన్నంలోంచి రావాలి. అంటే ఆ ఎనిమిదికీ ప్రీఆంప్‌లు మీరు విడిగా కొనాలి. షాపువాళ్ళు ఇది చెప్పరు, ఇంటికొచ్చి డబ్బా విప్పాక తెలుస్తుంది.

అయితే ఆ ఆడాట్ కన్నం ఉండటమే మీకు అసలు లాభం. 1990ల మొదట్లో అలేసిస్ కంపెనీ ఎస్-వీహెచ్‌ఎస్ టేపు మీద ఎనిమిది ట్రాకులు డిజిటల్‌గా రికార్డు చేసే మెషిన్ తెచ్చింది, దాని పేరే ఆడాట్. ఆ టేపు మెషిన్లు ఎప్పుడో పోయాయి, వాటిని ఒకదానికొకటి కలపడానికి పెట్టిన ఆప్టికల్ పద్ధతి మాత్రం ఇప్పటికీ అన్ని కంపెనీలూ వాడుతున్నాయి. ఒక్క సన్నటి టాస్‌లింక్ కేబుల్లో 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ దగ్గర 24 బిట్లతో ఎనిమిది ఛానెళ్ళు వస్తాయి. మ్యూజిక్ సిస్టమ్‌కీ టీవీకీ పెట్టుకునే ఆప్టికల్ కేబుల్ కూడా ఇదే, కన్నం ఒకేలా ఉంటుంది కానీ అందులో నడిచే ఎస్‌పీడీఐఎఫ్‌లో ఉండేది రెండు ఛానెళ్ళే. కొన్ని డబ్బాల్లో ఆ ఒక్క కన్నాన్నే సెట్టింగ్ మార్చి రెండిట్లో దేనికైనా వాడొచ్చు, కొనేముందు ఆడాట్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మీ 96 ప్రశ్న. ఆడాట్‌లో 96కి వెళ్ళగానే ఆ ఎనిమిది ఛానెళ్ళు నాలుగైపోతాయి, ఎందుకంటే రెండు ఛానెళ్ళ జాగాలో ఒక ఛానెల్ డేటా పట్టించాలి. బెహ్రింగర్ ఏడీఏ8200 లాంటి ఎనిమిది ప్రీఆంప్‌ల ర్యాక్ అయితే 44.1, 48 తప్ప పైకి వెళ్ళనే వెళ్ళదు. మీకు 16 గొంతులు, గజ్జెలు, రేకులు కావాలి, 48 చాలు. ఆరుబయట గాలిలో, జనం మధ్య తీసే రికార్డింగ్‌లో 96 వల్ల వినపడే తేడా కంటే నాలుగు మైకులు తగ్గడం వల్ల వచ్చే నష్టం చాలా పెద్దది.

రెండు యూఎస్‌బీ డబ్బాలు కలపడం మాత్రం వద్దు. విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఏఎస్ఐఓ డ్రైవర్ మీద నడుస్తాయి, ఒకసారికి ఒక డ్రైవరే తీసుకుంటాయి. మ్యాక్‌లో రెండిట్నీ ఒకటిగా కలిపే సదుపాయం ఉంది గానీ అక్కడా చిక్కు వేరే ఉంది. ప్రతి డబ్బాలోనూ ఒక క్రిస్టల్ గడియారం ఉంటుంది, రెండూ 48000 అనే అంటాయి, కానీ ఏ రెండూ సరిగ్గా ఒకలా నడవవు. వాటి మధ్య పది లక్షలకి ఇరవై వంతు తేడా ఉన్నా గంట రికార్డింగ్ అయ్యేసరికి 72 మిల్లీసెకన్లు జారిపోతుంది. ముందు పాటలో తెలియదు, చివరి పాటకి వచ్చేసరికి కుడివైపు గజ్జె ఒకచోట, ఎడమవైపు గజ్జె ఇంకోచోట. ఎన్ని డబ్బాలైనా పెట్టుకోండి, గడియారం మాత్రం ఒక్కటే ఉండాలి. ఆడాట్ కేబుల్ ఆ గడియారాన్ని కూడా మోసుకెళ్తుంది కాబట్టే ఆ పద్ధతి చెప్తున్నాను.


కంచరపాలెం_కీబోర్డ్:

పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను, లేటెన్సీ గురించి నేను చెప్తాను, ఎందుకంటే యూఎస్‌బీ అంటే స్లో అనే మాట ఇంకా జనంలో తిరుగుతూనే ఉంది, దానికి కారణం పాత రోజుల్లో డ్రైవర్లు బాగోకపోవడం, దారి ఇరుకై కాదు. లెక్క వేసి చూడండి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అంటే ఒక ఛానెల్‌కి సెకనుకి 1,44,000 బైట్లు, 16 ఛానెళ్ళకి 23 లక్షల బైట్ల చిల్లర, అంటే సుమారు 18 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి 480 మెగాబిట్లు. మీ పాత పీసీఐ సెకనుకి 133 మెగాబైట్లు, అదీ మిగతా కార్డులతో పంచుకుని. 16 ఛానెళ్ళకి ఏదైనా ఎక్కువే.

ఆలస్యం వచ్చేది బఫర్ దగ్గర, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కాస్త కాస్త పోగుచేసుకునే చోట. 128 శాంపిల్స్ బఫర్ పెడితే 48 దగ్గర 2.7 మిల్లీసెకన్లు, లోపలికి ఒకసారి బయటికి ఒకసారి, పైన కన్వర్టర్లూ డ్రైవరు పెట్టుకునే అదనపు జాగ్రత్తా కలిపి మొత్తం సుమారు ఎనిమిది పది దాకా వెళ్తుంది. మంచి డ్రైవర్లున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు అయితే 32 శాంపిల్స్‌లో కూడా నిలబడి ఇంకా తగ్గిస్తుంది, అందులో సందేహం లేదు. ఆర్‌ఎంఈ వాళ్ళ హెచ్‌డీఎస్‌పీఈ రేడాట్ అని ఒక కార్డు ఉంది, నాలుగు ఆడాట్ జతలు, మొత్తం 36 ఇన్, 36 అవుట్, స్థిరంగా ఒక గదిలో పెట్టుకునేవాళ్ళకి అది చాలా మంచి వస్తువు. కానీ ఆ కార్డులో ఒక్క మైకు జాక్ కూడా ఉండదు, అన్నీ డిజిటల్ కన్నాలే, ప్రీఆంప్ ర్యాకులు విడిగా కొనుక్కోవాలి. పైగా డెస్క్‌టాప్ మోసుకుని ఊరికి వెళ్ళాలి.

మీకు కావలసింది కీబోర్డు వాయించేవాడికి కావలసిన లేటెన్సీ కాదు కూడా. నేను సాఫ్ట్‌వేర్ పియానో వాయిస్తాను, నాకు వేలు నొక్కాక శబ్దం ఎప్పుడొస్తుందన్నది ప్రాణం. మీ దళం వాళ్ళు చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడరు కదా, వాళ్ళకి వాళ్ళ తప్పెటే వినపడుతుంది. అలాంటప్పుడు బఫర్ 512, 1024 అయినా పెట్టేయండి, రికార్డయ్యే దాంట్లో తేడా రాదు, కంప్యూటర్‌కి ఊపిరి తీసుకునే టైము ఉంటుంది, మధ్యలో టిక్కుటిక్కుమనే శబ్దాలు రావు. స్టూడియోలో పాడేవాళ్ళకి హెడ్‌ఫోన్లో వినిపించాలంటే డబ్బాలోనే ఉండే డైరెక్ట్ మానిటరింగ్ వాడండి, శబ్దం కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే తిరిగొస్తుంది.

ల్యాప్‌టాప్ మీద ఒక మాట. రికార్డింగ్‌కి ముందు వైఫై, బ్లూటూత్ ఆపేయండి, పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, యూఎస్‌బీ పోర్టులు నిద్రపోయే సెట్టింగ్ తీసేయండి. లేటెన్సీమాన్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లో ఒక అరగంట నడిపి చూడండి, ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చెప్తుంది. ఎక్కువసార్లు దొరికేది వైఫై డ్రైవరే.

ఇంకోటి, ఆ డెల్టా పారేయకండి. అందులో ఉన్న చిప్‌కి లినక్స్‌లో ఐస్1712 అనే డ్రైవర్ ఉంది. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్ల నాటి బోర్డుల్లో కొన్నిట్లో పీసీఐ స్లాట్ ఉండేది, సెకండ్‌హ్యాండ్‌లో అలాంటిది దొరికితే గదిలో ఎనిమిది ట్రాకుల మెషిన్ మళ్ళీ లేస్తుంది.


గాజువాక_లైవ్:

నేను లైవ్ సౌండ్ చేస్తాను, జాతర్లూ కల్యాణాలూ ఆరుబయట ప్రోగ్రాములూ, కాబట్టి నా గోల వేరే. ఇంతవరకూ డబ్బాల గురించే అయింది, అన్నా, ఏటంటే తప్పెటగుళ్ళకి ముందు మైకు ఎక్కడ పెడతావో తేల్చుకో, ఛానెళ్ళ లెక్క దానంతట అదే తేలిపోద్ది.

నేను చాలాసార్లు వాళ్ళకి సౌండ్ పెట్టాను. తప్పెట రొమ్ము మీద కట్టుకుంటారు, నోరు దానికి జానెడు పైన ఉంటది. చొక్కాకి పెట్టే కాలర్ మైకు పెట్టావంటే అందులో పాట పది పైసలు, రేకు తొంభై పైసలు. గెయిన్ (మైకు సిగ్నల్ ఎంత పెంచాలో అది) తగ్గిస్తే పాట పోద్ది, పెంచితే రేకు దెబ్బకి క్లిప్ అయిపోద్ది, అంటే లెవెల్ దాటి శబ్దం చిరిగిపోద్ది. పాట ఎత్తుకునే పెద్దాయనకి మాత్రం హెడ్‌సెట్ మైకు పెట్టు, పెదాల మూల దగ్గరగా, వెంట్రుకల్లా ఉండే గాలి తొడుగుతో. నోటికి అంత దగ్గరైతే గొంతు రేకుని దాటుద్ది. వైర్‌లెస్ తప్పనిసరి, వాళ్ళు గుండ్రంగా తిరుగుతారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు, వైరుంటే మనిషి పడిపోతాడు.

మిగతావాళ్ళకి ఒక్కొక్కడికీ మైకు పెట్టే పని పెట్టుకోకు. ఆట గుండ్రానికి ఎదురుగా పది అడుగుల ఎత్తులో రెండు కండెన్సర్ మైకులు జతగా పెట్టు, 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణం, దాన్నే ఓఆర్‌టీఎఫ్ అంటారు, దళం మొత్తం వెడల్పుగా వస్తది. గజ్జెలకి నేల మీద చిన్న చెక్క పలకలు వేసి వాటి మీద బౌండరీ మైకులు రెండు, దుమ్ములో నేరుగా పెట్టకు. అందుకునేవాళ్ళ గొంతులకి రెండు పక్కల రెండు డైనమిక్ మైకులు. వెనక జనం కేకలకి ఒకటి. పెద్దాయన్ది ఒకటి. లెక్క చూసుకో, ఎనిమిది. మరో రెండు చేతిలో ఉంటే మంచిది, ఎవరైనా డోలు పట్టుకుని వస్తారు ఎప్పుడూ.

ఊరికెళ్ళే పనికి నా సలహా ఆడాట్ గొలుసులు కాదు. బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 అని ర్యాక్ మిక్సర్ ఉంది, ఒక్క డబ్బాలో 16 మైక్ ప్రీఆంప్‌లు, అదే యూఎస్‌బీలో 18 ఛానెళ్ళు లోపలికి 18 బయటికి ఇస్తది. 44.1, 48 మాత్రమే, పైన అన్నట్టు నీకు అదే చాలు. ఒక్క డబ్బా కాబట్టి గడియారం గొడవ లేదు, కేబుళ్ళు తక్కువ, ట్యాబ్‌లో గెయిన్లు చూసుకోవచ్చు. నీ స్టూడియోలోకి తెచ్చి పెట్టుకున్నా అదే ఇంటర్ఫేస్.

కరెంటు మాట మర్చిపోకు. ఊళ్ళో గుడి దగ్గర లైను లైట్లకీ మైకులకీ ఒకటే ఉంటది, ఎర్త్ ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. 50 హెర్ట్జ్ హమ్ము ఒకసారి ట్రాకులో పడిందా తీయడం చాలా కష్టం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుపు, ఛార్జర్ తీసెయ్. మిక్సర్‌కి సైన్‌వేవ్ ఇన్వర్టర్, బ్యాటరీతో సహా నీ కారులోంచే తీసుకెళ్ళు, చౌకగా వచ్చే స్క్వేర్‌వేవ్‌ది వద్దు, అది కొత్త గోల తెస్తది. జనరేటర్ ఉంటే ఎంత దూరం పెట్టగలవో అంత దూరం పెట్టించు.


నాలుగోట్రాక్:

గాజువాక అన్న చెప్పిన మైకుల ప్లాను బాగుంది, ఎక్స్‌ఆర్18 మాటా సబబే. ఒకే చోట నా ఆలోచన వేరు. స్టూడియోలో వీణా మృదంగం రోజూ తీసే మనిషికి డబ్బా ముందు గెయిన్ నాబులు చేతికి అందడం, రెండు మంచి హెడ్‌ఫోన్ జాకులు ఉండటం పెద్ద సౌకర్యం. అది 18ఐ20లో, యూఎంసీ1820లో ఉంది. గురువుగారు నెలకి ఎక్కువ రోజులు గదిలోనే ఉంటారంటే ఎనిమిది ప్రీఆంప్‌ల డబ్బా ఒకటి ఇప్పుడు, ఏడీఏ8200 లాంటిది అవసరం పడ్డాక, అలా పోవచ్చు. తప్పెటగుళ్ళకే ఎనిమిది చాలని తేలింది కదా.

లెవెళ్ళ గురించి కూడా చెప్పాలి. 24 బిట్లలో లెక్కప్రకారం 144 డెసిబెళ్ళ విస్తీర్ణం ఉంటుంది, 16 బిట్లలో 96. నిజం కన్వర్టర్లు 144 ఇవ్వవు, 110, 120 మధ్య ఉంటాయి, అయినా అది బోలెడు. కాబట్టి టేపు రోజుల్లోలాగా ఎర్రలైటు అంచుదాకా తోయక్కర్లేదు. రిహార్సల్లో గట్టిగా కొట్టినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టండి. దేవుడి పాట వచ్చేసరికి వాళ్ళు రిహార్సల్ కంటే రెట్టింపు కొడతారు, ఆ 12 డెసిబెళ్ళూ అప్పుడు పనికొస్తాయి. రేకు దెబ్బ కత్తిలా వస్తుంది, మీటర్ కంటికి కనపడేలోపు క్లిప్ అయిపోతుంది, అందుకని దగ్గర మైకులకి ప్యాడ్ (లెవెల్ తగ్గించే బటన్) ఉంటే నొక్కి ఉంచండి.

ఇంకా, విడి ట్రాకులు ఉండటం వల్ల ఒక పెద్ద పని చేయొచ్చు. శబ్దం గాలిలో మీటరు దూరానికి సుమారు మూడు మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పెద్దాయన నోటి దగ్గర మైకుకీ నాలుగు మీటర్ల దూరంలో ఉన్న జతకీ మధ్య పన్నెండు మిల్లీసెకన్ల దాకా తేడా. రెండూ కలిపి వింటే గొంతు కాస్త డొల్లగా వినపడుతుంది. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో ఆ దగ్గర ట్రాకుని అంత ఆలస్యంగా వచ్చేలా జరిపి జతతో సరిచేస్తే గొంతుకి బరువొస్తుంది. ఆయన తిరుగుతూ ఉంటారు కాబట్టి మొత్తానికీ ఒకే అంకె కుదరదు, చెవితో విని సగటున ఒకటి పెట్టుకోవాలి.


తప్పెటమోత:

అందరికీ చాలా థాంక్స్. కాలర్ మైకుల మాట విని ఉండకపోతే నేను సరిగ్గా అవే కొనబోతున్నాను, డజను చూసి పెట్టుకున్నాను కూడా. నెలలో ఎక్కువ రోజులు గదిలోనే నా పని, అది నిజం. అయితే గాజువాక అన్న మాట నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఊళ్ళో అయిదు నిమిషాల్లో సర్దేయగలగాలి, పొద్దు వాలాక వాళ్ళు మొదలుపెడితే ఆగరు, మనకోసం మళ్ళీ పాడమని అడగకూడదు కూడా, మొదటిసారి వచ్చే ఊపు రెండోసారి రాదు.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, ఆడాట్ గొలుసుకి వెళ్తే ఎవర్ని మాస్టర్ చేయాలి, అంటే ఎవరి గడియారం వాడాలి, కేబుళ్ళు ఎన్ని. రెండు, ఈ చిలుము మళ్ళీ కొత్త డబ్బాకి పట్టకుండా ఏం చేస్తున్నారు, వైజాగ్‌లో మిగతావాళ్ళు?


నాలుగోట్రాక్:

రెండు పద్ధతులున్నాయి, ఏదైనా పనిచేస్తుంది. ఒక్క కేబుల్‌తో చేయాలంటే ప్రీఆంప్ ర్యాక్ ఆడాట్ అవుట్ నుంచి ఇంటర్ఫేస్ ఆడాట్ ఇన్‌కి వేయండి, ర్యాక్ వెనక సింక్ స్విచ్ ఇంటర్నల్ 48 మీద పెట్టండి, ఇంటర్ఫేస్ సాఫ్ట్‌వేర్లో క్లాక్ సోర్స్ ఆడాట్ అని ఎంచుకోండి. అప్పుడు ర్యాక్ మాస్టర్, ఇంటర్ఫేస్ దాన్ని అనుసరిస్తుంది. చిక్కేంటంటే ర్యాక్ ఆపేసిన రోజున ఇంటర్ఫేస్‌కి గడియారం ఉండదు, క్లాక్ మళ్ళీ ఇంటర్నల్‌కి మార్చాలి.

అందుకని నాకు రెండు కేబుళ్ళ పద్ధతి ఇష్టం. ఇంటర్ఫేస్ ఆడాట్ అవుట్ నుంచి ర్యాక్ ఆడాట్ ఇన్‌కి ఇంకో కేబుల్ వేసి, ర్యాక్ సింక్ స్విచ్ ఆడాట్ ఇన్ మీద పెట్టి, ఇంటర్ఫేస్‌ని ఇంటర్నల్‌లో ఉంచేయండి. ఇంటర్ఫేస్ ఎప్పుడూ మాస్టరే, ర్యాక్ ఉన్నా లేకపోయినా గోల లేదు. లాక్ అయిందో లేదో సాఫ్ట్‌వేర్లో చూపిస్తుంది. లాక్ అవకపోతే ఆ ఎనిమిది ఛానెళ్ళలో ఉప్పు చల్లినట్టు చిటచిట వినపడుతుంది, ఆ శబ్దం వినపడగానే మైకులూ కేబుళ్ళూ మార్చుకుంటూ కూర్చోకుండా ముందు క్లాక్ చూడండి. టాస్‌లింక్ కేబుళ్ళు పొట్టివి కొనండి, రెండు మీటర్లు చాలు, మెలిపెట్టి చుట్టకండి, కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు పారేయకుండా దాచుకోండి, దుమ్ము పడితే వెలుగు తగ్గిపోతుంది.

ఫాంటమ్ (కండెన్సర్ మైకులకి కేబుల్లోంచే పంపే కరెంటు) మాట కూడా చూసుకోండి. ఏడీఏ8200లో 48 వోల్టుల బటన్ అన్ని ఛానెళ్ళకీ కలిపి ఒక్కటే. మామూలు డైనమిక్ మైకు బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్లో ఉంటే దానికేమీ కాదు, కానీ వైర్‌లెస్ రిసీవర్లూ పాత రిబ్బన్ మైకులూ దానికి పెట్టకండి, వాటిని ఫాంటమ్ లేని దాంట్లో ఉంచండి.


మువ్వలవానిపాలెం:

చిలుము గురించి నేను చెప్తాను, మాది కూడా సముద్రం వైపే. ఏసీ గదిలో ఉంచితే చాలు అనుకుంటారు, ఏసీ నడిచినంత సేపే అది, ఆపాక గదిలోకి తేమ మళ్ళీ వచ్చేస్తుంది. నేను చేసేది ఇది, వాడనప్పుడు డబ్బాలన్నీ మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టెల్లో, రంగు మారే సిలికా జెల్ సంచులతో. రంగు మారగానే ఎండలో కాదు, పెనం మీద సన్నటి సెగన వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. కండెన్సర్ మైకులు తప్పకుండా అలాగే ఉంచండి, తేమ పట్టిన క్యాప్సూల్ వేయించినట్టు పటపటమంటుంది. వాడని జాకుల్లో రబ్బరు బిరడాలు పెట్టండి. నెలకోసారి ఎక్స్‌ఎల్‌ఆర్ జాకుల్లో కేబుల్ నాలుగైదు సార్లు పెట్టి తీయండి, పిన్నుల మీద పొర రుద్దుకుపోతుంది, మరీ మొండిగా ఉంటే కాంటాక్ట్ క్లీనర్. మామూలు డబ్ల్యూడీ-40 కొట్టకండి, దాని జిడ్డు లోపలే ఉండిపోయి దుమ్ము పడుతుంది.

ఇంకో సంగతి, ఊరికి వెళ్ళేటప్పుడు కారులో ఏసీ వేసుకుని వెళ్ళి దిగీ దిగగానే మైకులు తీయకండి. చల్లటి మైకు మీద బయటి తడిగాలి నీళ్ళలా పేరుకుంటుంది. పెట్టెలు మూసే ఉంచి ఒక అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి, అప్పుడు తెరవండి. మే, జూన్‌లో ఇది మరీ ముఖ్యం.


తప్పెటమోత:

ఇది ఎవరూ చెప్పలేదు ఇంతవరకూ, చాలా ఉపయోగం. నేను ఇలా అనుకుంటున్నాను, ఎక్స్‌ఆర్18 తీసుకుంటాను, ఊరికీ గదికీ అదే. డెల్టాకి లినక్స్ పెట్టి పాత బోర్డు ఒకటి వెతుకుతాను, కంచరపాలెం తమ్ముడూ, దొరికితే నీకే మెసేజ్ పెడతాను, డ్రైవర్ దగ్గర సాయం చెయ్యి. ఒక గంట 16 ట్రాకులు తీస్తే హార్డ్‌డిస్క్‌లో ఎంత జాగా కావాలి? ల్యాప్‌టాప్‌లో ఖాళీ పెద్దగా లేదు.


కంచరపాలెం_కీబోర్డ్:

తప్పకుండా అన్నా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, 16 ట్రాకులు అంటే గంటకి సుమారు 8.3 జీబీ. మూడు గంటల ఆటకి 25 జీబీ ఖాళీ ఉంచుకో, రెండింతలు ఉంటే ఇంకా నిశ్చింత. బయటి ఎస్‌ఎస్‌డీకి నేరుగా రికార్డు చేసుకోవచ్చు, సెకనుకి 2.3 మెగాబైట్లే కాబట్టి దానికి అది లెక్కే కాదు, కానీ ఇంటర్ఫేస్ ఒక పోర్టుకీ ఎస్‌ఎస్‌డీ ఇంకో పోర్టుకీ పెట్టు, రెండూ ఒకే హబ్‌కి తగిలించకు. వేవ్ ఫైలు 4 జీబీ దాటితే కొన్ని ప్రోగ్రాములు తెరవలేవు, అందుకని ఒక్కో ట్రాకు ఒక్కో మోనో ఫైలుగా వచ్చేలా పెట్టుకో, మోనో ట్రాకు గంటకి అర జీబీ పైచిలుకు అంతే. ఆట అయిపోగానే ఊళ్ళోంచి కదలకముందే రెండో డిస్క్‌లోకి కాపీ చేసెయ్, రెండు డిస్కులూ రెండు వేరే సంచుల్లో తెచ్చుకో.